ఒకవైపే తిరిగిన మర

లేజర్లు తయారుచేసే మనిషంటే ఎవరైనా అద్దాల మేడ, తెల్లకోటు ఊహించుకుంటారు. అద్దాల బాబాయి పనిచేసేది మాత్రం టైర్ల గోడౌను పైన, కిటికీలకూ తలుపుకూ నల్లగుడ్డ వేలాడదీసిన ఒంటిగదిలో. ఒక ఇనుప బల్ల, దాని మీద గోరంత అద్దాలు, వేళ్ళతో తిప్పే స్క్రూలాంటి మర ఒకటి, కాసిని తీగలు. అందులోంచి వచ్చే వెలుగు కంటికి ఆనని రకం, అయినా అందులోనూ రంగులుంటాయి. "ఆయనకి రంగులతోనే పనండీ, ఇంటి గోడలకి ఏ రంగెయ్యాలో అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు" అని వాళ్ళావిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది. ఆయనా నవ్వేస్తాడు. రెండో రోజు మళ్ళీ అదే బల్ల.

మామూలు లేజరుకు ఒక్కటే రంగు, పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా అదే. బాబాయి తయారుచేసేది అలా కాదు. ఈ కొస నుంచి ఆ కొసకు, మధ్యలో ఒక్క రంగూ వదలకుండా జారుకుంటూ పోవాలి. మర తిప్పితే అద్దం వాలుతుంది, అద్దం వాలిన కొద్దీ రంగు మారుతుంది. ఆ వాలడంలో వెంట్రుకవాసి తేడా అక్కర్లేదు, అందులో వెయ్యోవంతు వచ్చినా చాలు, వెలుగు నడవడం మానేసి పక్క రంగులోకి గెంతుతుంది. చవగ్గా, చిన్నపెట్టెలో, గెంతకుండా అంత దూరం నడిపించాలని ఆయన పంతం. జుట్టంతా ఆ పంతంలోనే ఊడిపోయింది.

ఆ పంతంలోకి మేనకోడల్ని కూడా లాగాడు. ఎక్కడో హాయిగా ప్రోగ్రాములు రాసుకుంటున్న పిల్ల. "నీ మర నేను తిప్పిస్తాలే మావయ్యా" అంటూ వచ్చి, మోటారు బిగించి, రంగు ఎలా మారుతోందో తెర మీద గీత గీయించింది. గీత తిన్నగా సాగితే లేజరు బాగున్నట్టు. మెట్టు పడిందంటే గెంతినట్టు.

"రేపు లేజరు చూడ్డానికి వచ్చే ఆయన కొంటానంటే సరే. లేకపోతే ఈ బల్ల తీయించేస్తాను బాబాయ్. ఇక నావల్ల కాదు" అని, ఇన్నేళ్ళుగా ఈ పనికి డబ్బు పెడుతున్న యజమానురాలు తేల్చి చెప్పేసింది. ఆవిడ అరిచినా బాగుండేది. కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది.

మర్నాడు వచ్చిన ఇంజనీరు మెత్తటి మనిషి. చర్మం కొయ్యకుండా లోపలికి చూసే యంత్రాలు చేస్తాడు, దానికి ఈ లేజరు కావాలి. మోటారు తిరిగింది. గీత ఈ చివర నుంచి ఆ చివరికి దారం లాగి కట్టినట్టు వెళ్ళింది. మేనకోడలు సంతోషం పట్టలేక బల్ల కింద మావయ్య కాలు తొక్కింది.

"చాలా బాగుందండీ. ఇప్పుడు అటు నుంచి ఇటు రానివ్వండి."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఎంత మంచి మరకైనా కాస్త వదులు ఉంటుంది, అందుకని కొలిచేటప్పుడు ఎప్పుడూ ఒకవైపు నుంచే తిప్పాలి. బాబాయి కుర్రతనంలో నేర్చుకున్న పద్ధతి అది. మేనకోడలికి అదే నేర్పాడు, ఆమె ప్రోగ్రాములో అదే రాసింది. మరను వెనక్కి తేవడమంటే వాళ్ళకు మళ్ళీ మొదలుపెట్టడానికే. ఇన్నేళ్ళలో ఆ వెనకదారిలో ఏం జరుగుతోందో చూడాలన్న ఆలోచనే ఇద్దరికీ రాలేదు.

"మా యంత్రం అటూ ఇటూ ఊగుతూనే ఉంటుందండీ, అందుకని అడిగాను" అన్నాడు ఇంజనీరు, తనేదో తప్పు చేసినట్టు.

రప్పించారు. నడుమకు వచ్చేసరికి గీత మెట్టు దిగింది. మళ్ళీ రప్పిస్తే మళ్ళీ అక్కడే దిగింది.

"భోంచేసి వస్తాను. ఈలోగా మీరు చూస్తూ ఉండండి" అని ఇంజనీరు యజమానురాలితో కిందికి వెళ్ళాడు.

బాబాయి మర బిగిస్తే మోటారు మూలిగింది. స్ప్రింగు మారిస్తే ఒక్క మెట్టు కాస్తా రెండయింది. పాత స్ప్రింగే పెట్టి, అద్దం కింద కాగితం ముక్క దూర్చి చూశాడు, ఊడిరాబోతే వేలితో నొక్కి పట్టాడు. దీనికి మందు తెలుసు, వదులు లేని కొత్త కీలు చేయించాలి, దానికి నెలలు పడుతుంది. స్క్రూడ్రైవరు పక్కన పెట్టి నేల మీద చతికిలబడ్డాడు. భయం వేసింది. ఈ బల్ల లేకపోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో ఆయనకు తెలియదు.

"మావయ్యా" అంది మేనకోడలు, తెర వైపే చూస్తూ. "పొద్దుటి గీత ఉంది కదా. దాన్నే తిరగేసి చూపిస్తే ఎవడికి తెలుస్తుంది?"

తప్పమ్మా అనాలి. అదే అనబోయాడు కూడా.

"ఎంతసేపు పడుతుంది?" అన్నాడు.

ఇంజనీరూ యజమానురాలూ తిరిగి వచ్చి కూర్చున్నారు. మోటారు వెనక్కి తిరిగింది. తెర మీద గీత నడుం దాటింది, మెట్టు లేదు. యజమానురాలు ఊపిరి వదిలింది. బాబాయికి కూడా ఒక్క క్షణం అది నిజమే అనిపించింది. ఆ క్షణంలోనే చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. కనపడని వెలుగుతో పనిచేసేవాళ్ళ జేబులో చిన్న అట్టముక్క ఉంటుంది, వెలుగు పడితే మెరుస్తుంది. లేజరు ఉందా పోయిందా అని ఊరికే అడ్డం పెట్టి చూసుకోవడం వాళ్ళకు ఊపిరి తీసుకున్నంత మామూలు. బాబాయి అట్టముక్క తీసి వెలుగుకు అడ్డం పెట్టాడు.

ముక్క మీద నారింజరంగు చుక్క మెరిసింది. వెలుగంతా అక్కడే ఆగిపోయింది, దాంతోపాటే గీతా తెగిపోవాలి. తెర మీద గీత మాత్రం తిన్నగా, చక్కగా సాగిపోతూనే ఉంది.

ఇంజనీరు చుక్కను చూశాడు, తెర చూశాడు, కీబోర్డు ముందున్న పిల్లను చూశాడు. ఆమె తల దించేసుకుంది. చెయ్యమన్నది నేనేనండీ అని అప్పుడే అనాలి. బాబాయి అట్టముక్క తీసి జేబులో పెట్టుకున్నాడు.

"గెంతని లేజరు నేనింతవరకూ చూళ్ళేదండీ" అన్నాడు ఇంజనీరు మెల్లగా. "ఎక్కడ గెంతుతుందో తెలిసింది కదా, కలిసి సరిచేసుకుందామని చెప్పడానికే మళ్ళీ వచ్చాను." లేచి, తలుపుకున్న నల్లగుడ్డ తప్పించుకుని వెళ్ళిపోయాడు. యజమానురాలు పిలుస్తూ వెంట పరిగెత్తింది. మెట్ల మీద అడుగుల చప్పుడు కిందికి దిగి ఆగిపోయింది.

"చెయ్యమన్నది నేనేనండీ" అన్నాడు బాబాయి అప్పుడు.

మేనకోడలు తల ఎత్తింది. కళ్ళనిండా నీళ్ళు.

"ఎవరికి చెప్తున్నావు మావయ్యా?"