నిధి నిక్షేపాలతో సహా

మొన్న నేను కొనుక్కున్న ఇంటి స్థలం అమ్ముతుంటే, లేఖరి దస్తావేజు చదువుతూ "నిధి నిక్షేపములతో సహా" అన్నాడు. నేను కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతాను.

నా పదేళ్లప్పుడు మా అరుగు మీద ఇలాగే దస్తావేజు చదువుతుంటే ఆ మాట విన్నాక, రెండు రోజులు నా కాలు ఒకచోట నిలవలేదు. పత్తికి పురుగు పట్టి నాన్న ఇల్లు బేరం పెట్టాడు. ఇంట్లో నిధి ఉందని కాగితంలోనే రాశాక, అది దొరికితే ఇల్లు అమ్మడం దేనికి?

రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే గునపంతో పెరడు తవ్వేశాను. నా లెక్కన పాతాళం ఇంకో జానెడు దూరంలో ఉంది. నిజానికి లోతు మోకాలి దాకా లేదు.

అమ్మ కేక పెట్టింది. "ఏందే ఇది? కొనేవాళ్లు చూస్తే బేరం చెడిపోద్ది!"

"నిధి తీస్తన్నానమ్మా! కాగితంలో రాశారుగా!"

"ఏవండీ, మీ కూతురి నిర్వాకం చూడండి!"

నాన్న వచ్చి గుంటలోకి చూశాడు. వీపు విమానం మోత మోగుతుందనుకున్నాను. ఆయన "అవతలకి జరుగు" అని గునపం అందుకుని, ఇస్త్రీ చొక్కాతోనే ఇంకో నాలుగు పోట్లు పొడిచాడు. తర్వాత మట్టి పూడ్చి, చేతులు కడుక్కుని, సంతకం పెట్టడానికి వెళ్లాడు.

ఆ మాట ప్రతి దస్తావేజులోనూ రాస్తారని నాన్నకి తెలుసు. తెలిసే తవ్వాడు.