గంగక్కకు చెప్పని పేరు

2023 చలికాలం. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక చిన్న క్లినిక్. అక్కడి ఎండోస్కోపీ గదిలో నేను నర్సుని. ఎండోస్కోపీ అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని నోటి గుండా దింపి అన్నవాహికను, కడుపును లోపలి నుంచి చూడడం. గొట్టం పట్టేది డాక్టరుగారు, రోగి తల పట్టేది నేను. చేయి గట్టిది, నోరు ఇంకా గట్టిదని నాకు పేరు.

బోధన్ దగ్గరి పల్లె నుంచి గంగక్క వచ్చింది. చెరకు రైతు లింగారాం భార్య, యాభై దాటిన మనిషి. రొట్టె మింగితే రొమ్ములో పట్టేస్తోందని, మంటగా ఉంటోందని డాక్టరుగారికి చెప్పింది. మంచం ఎక్కిస్తుంటే నా చెవిలో అసలు మాట ఊదింది.

"సిస్టరమ్మా, మా యారాలు సాయవ్వ నాకు మందు పెట్టింది. అది లోపల యాడనో అతుక్కున్నది. మంచిగ సూడుండ్రి."

యారాలంటే తోటికోడలు. మందు పెట్టడమంటే తిండిలో ఏదో కలిపి మనిషిని పాడుచేయడం. మా దిక్కు ఈ అనుమానం చాలా ఇళ్లలో ఉంది. పసరు తాగించి ఆ మందును కక్కించేవాళ్లూ ఉన్నారు. "మందు లేదు, మాకు లేదు. నోరు తెరువు" అని కసిరాను.

గొట్టం దించుతూ డాక్టరుగారు ఒకచోట ఆగారు. అయోడిన్ చల్లమన్నారు. మంచి పొర ఆ రంగు పీల్చుకుని ముదురుగా మారుతుంది, చెడిన చోటు పాలిపోయి మిగులుతుంది. తెర మీద రూపాయి బిళ్లంత మేర రంగు పట్టలేదు. బయాప్సీ కోసం, అంటే ల్యాబ్‌లో పరీక్షించడానికి, చిన్న ముక్క తీశాం. అన్నవాహిక క్యాన్సర్ అని తేలింది. తొలి దశలాగే ఉందన్నారు.

లింగారాంను ఒక్కడినే పిలిచి డాక్టరుగారు ఓపికగా చెప్పారు. "లోతు ఎంతో హైదరాబాద్‌లో చూపించాలె. పై పొరలనే ఉంటే ఈఎస్డీ చేస్తరు. కోత ఉండదు, నోట్లకెళ్లి గొట్టం దింపి ఆ పొరను ఒలిచి తీస్తరు. లోతుకు పోతే అన్నవాహిక తీసేసి, కడుపును పైకి గుంజి కుట్టే పెద్ద ఆపరేషన్. దానికి తట్టుకోలేనోళ్లకు రేడియేషన్, కీమో ఉంటయి."

అన్నీ విని లింగారాం చేతులు జోడించాడు. "దానికి చెప్పద్దు సార్. పేరు ఇంటెనే సచ్చిపోతది. పుండు అని చెప్పుండ్రి."

"రోగం ఆమెది. ఆమెకే చెప్పకపోతే ఎట్ల అన్నా?" అని నేను నోరు చేసుకున్నాను. వినలేదు. హైదరాబాద్ పోయినా అదే పట్టు పట్టాడు.

అదృష్టం బాగుండి జబ్బు పై పొరలోనే ఉంది. ఈఎస్డీ అయింది. తీసిన పొరను చిన్న పలక మీద పిన్నులతో పరిచి లింగారాంకు చూపించారట. అతను ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. ఇంటికి వచ్చిన సంబరంలో భార్యకు చూపించాడు. "లోపలున్నది గిదే, ఊడదీసిండ్రు" అన్నాడు.

కొన్నాళ్లకు, పొద్దున్నే క్లినిక్ తాళం తీస్తుంటే లింగారాం ఫోన్ చేశాడు.

"సిస్టరమ్మా, భీమ్‌గల్ దిక్కు వచ్చినం. కక్కించేటోని ఇంట్ల ఉన్నం. ఫోటో సూసినకాంచి అది మందే అంటున్నది. మిగిలింది గుడ కక్కుతా అని మొండికేసింది. పసరు నూరుతుండ్రు."

పొర ఒలిచిన చోట ఇంకా పచ్చిపుండు ఉంది. గంజి, మెత్తని అన్నం తప్ప ఏమీ మింగొద్దన్నారు. బలవంతంగా కక్కితే నెత్తురు కారొచ్చు, అన్నవాహికే చిరిగిపోవచ్చు. చిరిగితే ఆ పల్లె నుంచి ఆస్పత్రికి చేర్చేదాకా మనిషి ఉంటుందా? దేవుడా అనుకున్నాను.

"నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"మీరే చెప్పుండ్రి" అని ఫోన్ ఆమెకిచ్చాడు.

"గంగక్కా, పసరు తాగకు! అది మందు కాదు, క్యాన్సర్. మొదట్లనే దొరికింది, తీసేసిండ్రు. ఇప్పుడు కక్కితే లోపలి పుండు పగులుతది. పానం పోతది."

అటు నుంచి పసరు నూరుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. తట్టుకోలేకపోయిందేమో, లింగారాం భయపడిందే నిజమైందేమో అని నాకు భయమేసింది.

"ఒట్టు పెట్టు. క్యాన్సరేనా?"

"నా పిల్లల మీద ఒట్టు."

"అయితే సాయవ్వ నాకేం పెట్టలేదా?"

"పెట్టలే అక్కా."

అప్పుడు బావురుమంది. "దాని బిడ్డ పెండ్లికి గుడ పోలే సిస్టరమ్మా! ఊరందరి ముంగట దాన్ని ఆడిపోసుకున్న." పక్కనుంచి ఎవరిదో గొంతు, "పసరు తయారైంది, పట్టు" అంటోంది. "అద్దు! నాకద్దు!" అని ఆమె అరిచాక నాకు ఊపిరొచ్చింది.

తీసిన పొర అంచుల్లో జబ్బు లేదని, అది లోతుకు పోలేదని ల్యాబ్ రిపోర్టు వచ్చింది. పెద్ద ఆపరేషన్ అక్కర్లేదన్నారు. కానీ ఈ జబ్బు అదే వాహికలో ఇంకోచోట తలెత్తొచ్చు, అందుకని ఎండోస్కోపీ చేయించుకుంటూనే ఉండాలి. ఆమె వచ్చిన ప్రతిసారీ అయోడిన్ చల్లేటప్పుడు నాకు ఇప్పటికీ భయమే. అలా పరీక్షకు మొదటిసారి వచ్చినప్పుడు ఆమె వెంట లింగారాంతో పాటు ఒకావిడ ఉంది. చేతిలో గంజి ఫ్లాస్కు. గంగక్క లోపలికి వస్తూ తన చెవికమ్మలు తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "మా యారాలు" అంది నాతో, తల దించుకుని.

ఇప్పటికీ చాలామంది బయటికి పిలిచి, రోగికి పేరు చెప్పొద్దని బతిమాలుతారు. వాళ్లకు గంగక్క సంగతి చెబుతాను. మీరు చెప్పకపోతే మనిషి తన రోగానికి తానే ఒక పేరు పెట్టుకుంటుంది. గంగక్క పెట్టుకున్న పేరు సాయవ్వ.