గారెలు తింటూ నా పెళ్లి నేనే చెరిపేసిన వైనం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్లి చెరిపి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. ఆ లోటు నేను తీర్చాను. పెళ్లయిన నలభయ్యో రోజున, అత్తవారింట్లో, అందరూ చూస్తుండగా, నా పెళ్లిని నా చేత్తోనే నూటికి నూరు శాతం చెరిపేశాను. ఈ ఘనకార్యం మీకు చెబుతున్నానంటే, మీరు మా అత్తగారి తరఫు బంధువులు కారన్న ధైర్యంతోనే.

మాది దివిసీమలో కోడూరు. అప్పట్లో బందరులో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ని. పాఠాలు చెప్పేవాడికి పని కూడా వచ్చి తీరుతుందని లోకానికి ఒక నమ్మకం. ఆ నమ్మకం నాక్కూడా ఉండేది, అదీ అసలు ప్రమాదం.

మా మావగారికి గుడివాడలో ఫోటో స్టూడియో. ముప్పై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆయన "కాస్త నవ్వండి" అనకుండా జరిగిన పెళ్లి లేదు. స్టూడియోలో ఒక పాత కంప్యూటర్ ఉండేది. ఆయన పొద్దున్నే దాని స్విచ్ వేసి స్నానానికి వెళ్లేవారు. స్నానం, పూజ, టిఫిన్ అన్నీ ముగించుకుని వచ్చేసరికి అది అప్పుడే కళ్లు నులుముకుంటూ ఉండేది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త అల్లుడు కూడా అంతే. ఒకసారి అత్తవారింటికి వెళ్లినప్పుడు ఆ కంప్యూటర్‌ని చూసి ఊరుకోలేకపోయాను.

"మావయ్యగారూ, ఇందులో డిస్కు పాతబడిపోయింది. ఎస్‌ఎస్‌డీ అని కొత్తరకం డిస్కు వచ్చింది. అది వేస్తే మీరు తువ్వాలు అందుకునేలోపు ఇది లేచి కూర్చుంటుంది."

"మరి లోపలున్నవన్నీ?"

"ఆపరేటింగ్ సిస్టంతో సహా, ఉన్నదున్నట్టు పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి దింపేస్తాను. ఇల్లు మారినట్టే. గరిటె కూడా వదలను."

ఆయన "మా లల్లీ పెళ్లి ఫోటోలు అందులోనే ఉన్నాయండీ. ఇంకెక్కడా లేవు" అన్నారు.

లల్లీ అంటే లలిత, మా ఆవిడ. ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లన్నీ మావగారు ఎప్పటికప్పుడు డీవీడీల మీదకి ఎక్కించి, పేర్లు రాసి బీరువాలో పెట్టేసేవారు. సొంతపని మాత్రం ఎప్పుడూ ఆఖరు. మా పెళ్లి తీసిన మెమరీ కార్డులు తుడుచుకుని ఈలోపు కృత్తివెన్నులో రొయ్యల చెరువుల వాళ్లింటి పెళ్లికి కూడా వెళ్లొచ్చేశాయి.

"ముప్పై ఏళ్లు అందరి ఆడపిల్లల ఆల్బమ్‌లూ చేశాను. మా అమ్మాయిది తీరుబడిగా, నా చేత్తో, ఒక్కో కాగితం చూసుకుంటూ చేద్దామని దాచుకున్నానండీ" అన్నారాయన.

"మీకేం భయం లేదు మావయ్యగారూ. నేనున్నాను కదా!"

చదువరులు గమనించాలి. ఈ భూమ్మీద చాలా అనర్థాలు ఈ ఒక్క మాటతోనే మొదలవుతాయి.

"ఏవండీ, ముందు ఆ ఫోటోలు విడిగా ఒక కాపీ తీసి పక్కన పెట్టకూడదా?" అంది లలిత గుమ్మం దగ్గరనుంచి.

"ఇప్పుడు చేసేది కాపీ తీయడమే కదా! కాపీకి మళ్లీ కాపీ ఏంటి?" అన్నాను. అప్పుడు నవ్విన నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే గిల్లుకోవాలనిపిస్తుంది.

ఆదివారం పొద్దున కంప్యూటర్ మూత విప్పాను. లోపల డిస్కులు తగిలించడానికి రెండు చోట్లున్నాయి. మొదటిదాంట్లో పాతది ఉంది. రెండోదాంట్లో కొత్తది తగిలించబోతుంటే అత్తగారు పసుపు, కుంకుమ పళ్లెంతో వచ్చారు. మా వైపు కొత్త వస్తువు ఏది ఇంట్లోకొచ్చినా బొట్టు పెట్టించుకోకుండా పనిలోకి దిగదు. ఆవిడ డిస్కుని అరచేతిలో పెట్టుకుని చూశారు.

"ఇంతేనా బాబూ? దీంట్లో ఇంత స్టూడియో పడుతుందా?" అంటూ బొట్టు పెట్టి, "ఎక్కడ పెడుతున్నారు దీన్ని?" అన్నారు.

"రెండో చోట అత్తయ్యగారూ."

"అయ్యో, కొత్తగా ఇంట్లోకొచ్చినదాన్ని వెనకాల కూర్చోబెడతారా? ముందు చోట కూర్చోబెట్టండి. పాతది కాస్త జరుగుతుందిలెండి."

అత్తగారి మాట కొత్త అల్లుడు కాదంటాడా? పాతదాన్ని రెండో చోటికి జరిపి, కొత్తదాన్ని మొదటి చోట పెట్టాను. చోటు మారినంత మాత్రాన పనికి వచ్చే నష్టమేమీ లేదు. మారిందని గుర్తుంచుకుంటే చాలు.

కంప్యూటర్‌ని పెన్‌డ్రైవ్ మీంచి నడిపి, కాపీ చేసే ప్రోగ్రాం తెరిస్తే రెండు డిస్కులు కనిపించాయి. రెండూ ఒకే సైజు. ఒకదాని పేరు సున్నా, ఇంకోదాని పేరు ఒకటి. కంప్యూటర్లు సున్నా నుంచి లెక్కపెడతాయి. మొదటి చోటున్నది సున్నా, రెండోది ఒకటి. పాతది సున్నా, కొత్తది ఒకటి అని ఏళ్ల తరబడి పిల్లలకి వల్లె వేయించిన నోరు నాది. అయిదు నిమిషాల క్రితం నేనే వాటి చోట్లు మార్చానన్న సంగతి ఆ నోటికి తెలియదు. దర్జాగా "సున్నాలోంచి ఒకటిలోకి" అని నొక్కాను. అంటే, ఖాళీగా ఉన్న కొత్తదాన్ని తీసుకెళ్లి నిండుగా ఉన్న పాతదాని మీద పరవమన్నాను.

పాపం, యంత్రం అడిగింది. దానికున్న బుద్ధి నాకు లేదు.

"ఏమంటోంది బాబూ?" అన్నారు అత్తగారు.

"ఒకటో డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా, వద్దా అని అడుగుతోందండీ." ఒక్క క్షణం నా వేలు ఆగింది. ఏదో సరిచూసుకోవాలనిపించింది.

"వర్జ్యం వచ్చేస్తోంది బాబూ. శుభమా అని పని మొదలుపెడుతూ వద్దు అనకూడదు. సరే అనండి."

సరే అన్నాను.

గీత మెల్లగా నిండడం మొదలైంది. రెండు గంటలు పడుతుందని ప్రకటించి భోజనానికి కూర్చున్నాను. అల్లుడికని గారెలు చేశారు. నేను గారె కొరుకుతుంటే అవతల గదిలో నా స్నాతకం పోయింది. పులిహోర దగ్గరికొచ్చేసరికి జీలకర్ర బెల్లం, పప్పు కలిపేసరికి మాంగల్యం. పెరుగన్నంలోకి మాగాయ అడిగాను, అప్పటికి తలంబ్రాలు కూడా వెళ్లిపోయాయి. త్రేన్చి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి తెరమీద నూరు శాతం అని ఉంది.

"చూశారా!" అని కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. నల్లటి తెరమీద తెల్లటి ముక్క ఒకటి వచ్చింది. ఆపరేటింగ్ సిస్టం లేదట.

"కొత్తది కదండీ, సిగ్గుపడుతోందేమో" అన్నారు మావగారు.

కొత్తది తీసేసి పాతదాన్ని ఒక్కదాన్నే ఉంచి వేశాను. మళ్లీ అదే ముక్క. అప్పుడు చోట్లు మార్చిన సంగతి గుర్తొచ్చింది.

"పోనీ అల్లుడుగారూ, మళ్లీ పాతదాంతోనే నడుపుకుందాం."

"పాతది కూడా ఇప్పుడు కొత్తదేనండీ మావయ్యగారూ" అన్నాను. "దాంట్లో ఏమీ లేదు."

తిట్టుంటే బాగుండేది. ఆయన "పోనీలెండి" అని, కెమెరా లెన్సు తీసి మెత్తటి గుడ్డతో తుడుస్తూ కూర్చున్నారు. అది అప్పటికే శుభ్రంగా ఉంది. అత్తగారు "నేనే కదా సరే అనమన్నాను" అని కళ్లొత్తుకున్నారు. లలిత లోపలికి వెళ్లి మిగిలిన గారెలకి మూత పెట్టేసింది. ఆ మూత చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. డిస్కు తుడవనేల, కాళ్లు పట్టనేల అనుకున్నాను. విజయవాడ తీసుకెళ్లి, చెరిగిపోయినవి వెనక్కి తీసే ఒకాయనకి చూపిస్తే, "భలే శుభ్రంగా తుడిచారండీ, ఎవరండీ చేసింది?" అని మెచ్చుకున్నాడు.

మమ్మల్ని ఆదుకున్నది కరీముల్లా గారు. బందరాయన. మావగారి దగ్గర ఎన్నో ఏళ్లుగా కెమెరా పట్టారు, మా పెళ్లి తీసింది కూడా ఆయనే. సంగతి విని మర్నాడే బస్సెక్కి వచ్చేశారు.

"దీనికింత దిగులెందుకు సార్? పెళ్లికూతురుంది, పెళ్లికొడుకున్నాడు, కెమెరా ఉంది. మళ్లీ తీసేద్దాం."

"పెళ్లి మళ్లీనా?" అన్నారు మావగారు.

"పెళ్లి కాదు సార్, ఫోటోలే."

స్టూడియో పైన డాబా మీద పందిరి వేశారు. పురోహితుడు శాస్త్రిగారు ముందు ససేమిరా అన్నారు. తర్వాత "మంత్రం రెండోసారి చదవను. పెదాలు కదుపుతాను. ఫోటోలో వినబడదు కదా" అని దిగొచ్చారు. హోమగుండంలో నిప్పు వద్దన్నారు, దాని బదులు అడుగున ఎర్ర కాగితం కప్పిన లైటు పెట్టాం. మంగళసూత్రం మెడలోంచి తీయకూడదు కాబట్టి నేను ఉత్త చేతులు లలిత మెడ వెనక్కి పోనిచ్చి కూర్చున్నాను.

"అల్లుడుగారూ, ముడి వేస్తున్న మొహం పెట్టండి" అన్నారు కరీముల్లా గారు. "అది కాదండీ, అది పరీక్ష రాస్తున్న మొహం!"

పందిరంతా గొల్లున నవ్వింది. లలిత కూడా మెడ వంచుకునే కిసుక్కుమంది. వారం రోజులుగా నేను ఎదురుచూస్తున్న నవ్వు అది.

తర్వాత కన్యాదానం. అసలు పెళ్లిలో మావగారు కాళ్లు కడుగుతూ కూడా "కరీముల్లా, ఆ లైటు కాస్త ఎడమకి... ఫ్లాష్ పడలేదు చూడు" అంటూనే ఉన్నారు. శాస్త్రిగారు రెండుసార్లు విసుక్కున్నారు కూడా. ఈసారి మావగారికి లైట్ల ధ్యాసే లేదు. కూతురి చెయ్యి నా చేతిలో పెట్టి, నీళ్లు వదలాల్సినచోట ఆగిపోయారు.

"సార్, ఒక్కసారి ఇటు చూడండి" అన్నారు కరీముల్లా గారు.

మావగారు చూడలేదు. "ఉండవయ్యా" అన్నారు. "మొన్న లైట్లే చూశాను. మా అమ్మాయి పెళ్లి ఇవాళే చూస్తున్నాను."

కరీముల్లా గారు మీట నొక్కారు. శాస్త్రిగారు అప్రయత్నంగా మంత్రం పైకే చదివేశారు. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ఆ ఆల్బమ్ మావగారు తన చేత్తోనే చేశారు. మొదటి కాగితం మీద ఆ ఫోటోయే. చూసినవాళ్లంతా "ఎంత నవ్వుతూ తుళ్లుతూ జరిగిందండీ మీ పెళ్లి!" అంటారు. నిజం పెళ్లిలో జోరు వాన, కరెంటు కోత, వంకాయ కూర మీద వియ్యాలవారి తగాదా. అవన్నీ నా పుణ్యాన చెరిగిపోయాయి.

మా ఇంట్లో ఇప్పుడు ఏడాదికి రెండు పెళ్లిరోజులు. ఒకటి మర్చిపోతే రెండోదాకా తిట్లు నిలవ ఉంటాయి. కాబట్టి, అగ్ని లేదు గనక ఎర్ర కాగితం కప్పిన లైటు సాక్షిగా, చేతులు జోడించి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో నిండు డిస్కు జోలికి పోను, పోవాల్సివస్తే ముందు విడిగా కాపీ తీస్తాను. మూడో పెళ్లిరోజు గుర్తుపెట్టుకునే ఓపిక నాకు లేదు.