పావు వాటా దగ్గర ఆపిన గుమాస్తా గారు

నా పచ్చళ్ళ ఫ్యాక్టరీని ముంచింది ఆయనేనని పాతికేళ్ళుగా వీధంతా చెప్పుకుంటూ వచ్చాను. పోయిన గురువారం పొద్దున ఆయన కాలం చేశారు. మా ఎదురింటి గుమాస్తా గారు. కబురు విన్నాక కూడా నా కోపం చల్లారలేదు. అబద్ధం చెప్పను.

నాది అయిదో తరగతి చదువు. అయినా ఎక్కడా వేలిముద్ర వేసినవాణ్ణి కాదు. సంతకమే.

అప్పట్లో సింగపూరు షావుకారు ఒకాయన బెజవాడ వచ్చి, మా ఆవకాయ తిని, ఫ్యాక్టరీలో సగం వాటా పెడతానన్నాడు. అర్జీ రాయించుకుని, సంతకం పెట్టి, గుమాస్తా గారు పనిచేసే పరిశ్రమల ఆఫీసుకి పట్టుకెళ్ళాను.

"ఏమండీ పచ్చళ్ళ గారూ, పచ్చళ్ళు చిన్న పరిశ్రమల జాబితాలో ఉన్నాయి. పైదేశం పెట్టుబడి పావు వాటా దాటకూడదు," అన్నారు కళ్ళజోడు తుడుచుకుంటూ.

"దాటితే?"

"కాగితం తిరిగి మీ ఇంటికే వస్తుంది. ప్రస్తుతానికి పావు కానివ్వండి. కాలవ తలుపు ఒక్కసారే ఎత్తరండీ. జానెడు జానెడే ఎత్తుతారు."

"పావు ముష్టి నాకెందుకు!" అని లేచొచ్చేశాను. షావుకారు తన దేశం పోయాడు. నాలుగేళ్ళకి నేను జాడీలు బోర్లించాను. ఆయనతో మాట మానేశాను.

ఆయన మానలేదు. రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి పేపరు చదివేవారు. రూలు మారినప్పుడల్లా వీధి దాటి నాకు వినబడేలా అరిచేవారు: "పచ్చళ్ళ గారూ, ఇంకో జానెడు లేచింది!" నేను తుపుక్కున ఉమ్మేసి లోపలికి పోయేవాణ్ణి. రిటైరయ్యాక కూడా అంతే.

వీధిలో అందరి అర్జీలూ ఆయనే రాసేవారు. రాస్తున్నంతసేపూ కాఫీ కూడా ముట్టరు. ఒక్క అక్షరం మారినా దిద్దరు, మొత్తం కొత్తగా రాస్తారు. "కొట్టివేతలున్న కాగితాన్ని గుమ్మంలోనే నిలబెడతారండీ" అనేవారు. నా ముసలి పింఛను అర్జీ కూడా, నేను అడక్కుండానే, రాసి పంపారు. అది ఆయన పుణ్యమే. ఈ ముక్క బతికుండగా చెప్పలేదు.

మూడో రోజున ఆయన భార్య పిలిచి ఒక ఫైలు చేతిలో పెట్టింది. "అన్నయ్యగారూ, ఇది మీకిమ్మన్నారు."

విప్పగానే ఇప్పుడే దంచిన ఆవపిండి వాసన. పైన ఉన్నది నా పాత అర్జీయే. దాని కింద అదే అర్జీ, కొత్తగా రాసింది: పావు దాటొచ్చుగానీ సరుకులో సగం పైదేశాలకి పంపాలట. దాని కింద ఇంకోటి: పచ్చళ్ళు జాబితాలోంచే తీసేశారట. కూడబలుక్కుని చదివాను. రూలు మారినప్పుడల్లా నా కోసం రాసి పెట్టుకున్నారు.

అన్నింటి కిందా నా సంతకం ఉంది.

నేను పెట్టింది మొదటిదొక్కటే. పోనీ, ఆయనే పెట్టారనుకుందాం. మూడోదాని కాగితం పసుపు పచ్చగా మాగిపోయింది, పదేళ్ళ నాటిది. దాని మీద సంతకం మాత్రం వణికే చేత్తో పెట్టింది. నా చెయ్యి వణకడం మొదలైంది మొన్న ఉగాది తర్వాత. అప్పటికి ఆయన మంచం పట్టి ఏడాది.

"అమ్మా, ఆయన ఈమధ్య కలం పట్టారా?"

"చెంచా పట్టుకోలేకపోయారండీ," అందావిడ.

అడుగున ఇంకో కాగితం ఉంది. తెల్లది. రూలు లేదు, అర్జీ లేదు, ఒక్క ముక్క లేదు. కింద నా సంతకం మాత్రం ఉంది. ఇప్పటి నా చేతికన్నా ముసలిది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోయి, చివరి గీత కాగితం అంచు దాకా జారిపోయింది.

గుమాస్తా గారూ, మిమ్మల్ని తిట్టినందుకు తప్పు ఒప్పుకుంటున్నాను. పావు కాదన్నది నేనే. కానీ ఇంకా రాని రూలుకి నా చేత ఎప్పుడు సంతకం పెట్టించారు? అందులో ఏం రాయబోయారు? ఆదివారం మీ పెద్దకర్మ. కాకి పిండం ముట్టేలోగా నాకు జవాబు కావాలి.