సాక్ష్యంలో చెప్పని పేరు

ఇరవై ఏళ్ళకు పైగా దీన్ని మోస్తున్నాను. అలసిపోయాను. ప్రార్థనలో కూడా దీని దాకా వచ్చి పక్కకు తప్పుకునేదాన్ని. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

మేం కలకత్తా ఖిదిర్‌పూర్‌లో రేవు కూలీల క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాకు టీబీ వచ్చింది. మా తెలుగు క్రైస్తవ సంఘం వాళ్ళెవరూ గుమ్మం తొక్కలేదు. ప్రార్థన చేస్తున్నామని కబురు పంపారు, అంతే. వచ్చింది పక్క వరసలో ఉండే దీనమ్మ ఒక్కతే. మెటియాబ్రుజ్‌లో కుట్టుపని చేసుకునే వేరే మతం మనిషిని చేసుకుందని సంఘం ఆమెను ప్రభువు బల్లకు, అంటే గుడిలో అందరం కలిసి తీసుకునే రొట్టె, ద్రాక్షరసాలకు, దూరం పెట్టింది. అతను చనిపోయి, తల్లి దగ్గరికి తిరిగొచ్చాక కూడా చేర్చుకోలేదు. ఐదు నెలలు ఆమే నాకు గంజి కాచి తెచ్చింది. నేను ఉమ్మిన గిన్నె కడిగింది. నా పిల్లలకు తలలు దువ్వి బడికి పంపింది.

నాకు నయమైంది. సంఘం ఆడవాళ్ళు భయపడుతూ భయపడుతూ మళ్ళీ నా చేతి టీ తాగడం మొదలుపెట్టారు. ఆ టీ గ్లాసులు ఖాళీ అవుతుంటే నాకు ఏడుపొచ్చేది. ఎంత చవకదాన్ని!

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. బల్లకు దూరమైన మనిషిని తిరిగి చేర్చుకోవాలంటే, వార్షికోత్సవం నాడు సంఘంలో ఒకరు లేచి ఆ మనిషి మంచి చెప్పాలి. ఆ ఏడాది పాస్టరుగారు, సంఘం మీకేం చేసిందో ఒక్కొక్కరూ సాక్ష్యం చెప్పండి అన్నారు. నా వంతులో నీ సంగతి చెబుతానని దీనమ్మకు మాటిచ్చాను. ఆమె ఉతికిన చీర కట్టుకొచ్చి తలుపు దగ్గర కూర్చుంది.

లోడ్‌షెడ్డింగు. ఫ్యాన్లు లేవు. లేచి నిలబడ్డాను. ముందు బెంచీలో ఆడవాళ్ళందరూ నావైపే చూస్తున్నారు. దీనమ్మ వచ్చిందంటే మీరు రాలేదని చెప్పినట్టే కదా? మళ్ళీ నన్ను వదిలేస్తే? "నేను మంచాన పడితే ఈ సంఘమే నాకు గంజి పోసింది" అన్నాను. ఒక్క రోజు కూడా రాని ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుని ఆమెన్ అన్నారు. అబద్ధమని వాళ్ళకు తెలుసు. ఆ తర్వాత పెద్దలు, దీనమ్మ గురించి ఎవరైనా చెబుతారా అని అడిగారు. నేను పాటల పుస్తకంలో తల పెట్టుకున్నాను.

బయట మెట్ల దగ్గర ఆమె నన్ను ఆపింది.

"ఏటి వదినా, నా పేరు సెప్పనేదేటి?"

"టైము సాల్లేదు దీనమ్మా."

"దీనమ్మ అనడానికి ఎంత టైము కావాల వదినా?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.  

ఆమె మళ్ళీ గుడికి రాలేదు. కొన్నేళ్ళకు పోయింది. సంఘం మనిషి కాదు గనక పాస్టరుగారు సమాధి చెయ్యడానికి వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. భయమా, సిగ్గా? రెండూ కాదేమో, ఆమె ముఖం చూడాల్సి వస్తుందని.

ఇప్పటికీ ప్రతి వార్షికోత్సవానికీ నాచేత ఆ సాక్ష్యమే చెప్పిస్తారు. సంఘమంటే ఏమిటో ఈ అమ్మను చూసి నేర్చుకోండని పిల్లలకు చెబుతారు. ఏటేటా ఇంకాస్త బాగా చెబుతున్నాను. కిందటిసారి నేను చెబుతుంటే నాకే నిజమనిపించింది. అందుకే భయపడి ఇది రాస్తున్నాను. క్షమించాల్సిన మనిషి లేదు. మిమ్మల్ని అడగను. నాకు గంజి పోసింది దీనమ్మ.