మోయెలాంగి పెద్దమ్మ తుమ్ము

మోయెలాంగి పెద్దమ్మలో వంక పెట్టడానికి ఒక్కటే ఉంది: తుమ్మకూడని చోట తుమ్ముతుంది. మిరియాలు దంచేటప్పుడు తుమ్మదు. వానలో నానినా తుమ్మదు. చర్చిలో అందరూ ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నప్పుడు మాత్రం తుమ్ముతుంది.

అది మామూలు తుమ్ము కాదు. ఒకసారి ఆ దెబ్బకి బయట కట్టేసిన పంది తాడు తెంపుకుని సముద్రంలో పడి ఈదుకుపోయింది. ఉపోలు దీవి నుంచి మా సవాయి దీవికి వస్తున్న పడవవాళ్లు ఉరుమనుకుని వెనక్కి తిరిగారు. నిరుడు, అందరూ తెల్లబట్టలు కట్టుకుని పిల్లల చేత చర్చిలో కీర్తనలు చెప్పించే పిల్లల ఆదివారం నాడైతే ఆవిడ తెల్లటోపీ ఎగిరి వెళ్లి సంఘపెద్ద బట్టతల మీద చక్కగా కూర్చుంది. ఊరు వారం రోజులు నవ్వింది.

ఈ ఏడు పిల్లల ఆదివారం దగ్గరపడేసరికి ఆవిడ చెల్లెలి కూతురు ఫువాతినోకి అన్నం సయించడం మానేసింది. ఇన్నాళ్లూ చిన్నపిల్లల వరసలో నిలబడి పెదవులు కదిపితే సరిపోయేది. పదకొండేళ్లు వచ్చాయి కనక ఈసారి ఒంటరిగా నిలబడి కీర్తన మొత్తం అప్పజెప్పాలి. పైగా ఆ కాళ్లు! నిరుటి తెల్లగౌను మోకాళ్లు దాటనంటోంది. నడిస్తే ఏదో ఒకటి తన్నుకుంటోంది. ఊరంతా తన మోకాళ్లనే చూస్తోందని ఆ పిల్ల గట్టి నమ్మకం.

"పెద్దమ్మా, ఈ ఒక్కసారికీ తుమ్మనని ఒట్టెయ్యి."

"తుమ్ముకి ఒట్లేమిటే! అదేమన్నా నన్నడిగి వస్తుందా?"

"ముక్కు మూసుకో."

"చెవుల్లోంచి వస్తే?"

"అయితే చర్చికే రాకు! ఇంట్లో కూచుని పొయ్యి చూసుకో!"

పెద్దమ్మ మొహం చిన్నబోయింది. ఫువాతినో వెంటనే ఏడ్చేసింది. ఎందుకేడ్చిందో తనకే తెలియదు.

"దీనికేమొచ్చిందక్కా? పలకరిస్తే ఏడుపు, పలకరించకపోతే అలక" అంది తల్లి తల పట్టుకుని.

"ఏమొచ్చిందీ, వయసొచ్చింది. నువ్వు మాత్రం తక్కువ ఏడ్చావా?" అని పెద్దమ్మ ఫువాతినో కన్నీళ్లు తుడిచింది. "సరేలే, ఒట్టు. తుమ్మను."

ఆదివారం చర్చి నిండా తెలుపే. ఫువాతినో నిలబడింది. సగం కీర్తన బాగానే సాగింది. అంతలో ముందు వరసలోని అమ్మాయి ఒకతె కిందికి చూసింది. మోకాళ్లకేసే! అంతే, తరవాతి మాట మాయమైంది.

జనం చేతుల్లో విసనకర్రలు ఆగిపోయాయి. అమ్మ పెదవులు ఏదో చెబుతున్నాయి, అర్థం కాలేదు. ఎవరో కిసుక్కుమనబోయారు.

ఫువాతినో పెద్దమ్మ వైపు చూసింది. ఆవిడ రెండు చేతులతో ముక్కు అదిమిపట్టి, మగ్గిన బొప్పాయిలా ఎర్రబడి, ఒట్టు నిలబెట్టుకుంటోంది. కళ్లతో మాత్రం ఏదో అడుగుతోంది.

ఫువాతినో నెమ్మదిగా తలూపింది.

"హా...ఆ...ఆఛ్!"

టోపీ ఎగిరింది. విసనకర్ర ఎగిరింది. సంఘపెద్ద ముందుజాగ్రత్తగా తల మీద చేతులు పెట్టుకున్నాడు. చర్చి గొల్లుమంది. ఫువాతినో కూడా నవ్వింది, ఆ నవ్వులో పోయిన మాట దొరికింది. కీర్తన పూర్తిచేసి వచ్చి కూర్చుంది.

తరవాత తన కీర్తన అప్పజెప్పడానికి సెమిసి అనే కుర్రాడు లేచాడు. ఈమధ్యే వాడి గొంతు మారుతోంది. మొదటి మాట ఎద్దులా మొదలై కోడిపిల్లలా ముగిసింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. నోరు మూతబడింది.

నిరుడు కూడా మధ్యలో ఆగిపోయింది వీడే కదా! ఫువాతినోకి అప్పుడు తట్టింది. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. అందరికీ గుర్తున్నది టోపీయే.

గబుక్కున పెద్దమ్మ కోసం చూసింది. ఆవిడ బల్లకింద దూరి టోపీ వెతుక్కుంటోంది. వెనక నుంచి కిసకిసలు మొదలయ్యాయి.

ఫువాతినో ముక్కులో దురద లేదు, జలుబు లేదు. అయినా కళ్లు గట్టిగా మూసుకుంది.

"హాఛ్!"

జడలోని పువ్వు ఎగిరి సూటిగా సంఘపెద్ద ఒళ్లో పడింది.

ఆ రోజు పిల్లలదే మొదటి పంక్తి. పెద్దవాళ్లే వడ్డించాలి. మోయెలాంగి పెద్దమ్మ వంగి ఫువాతినో పళ్లెంలో మంచి పందిమాంసం ముక్క వేసింది.

"ఏమే, జలుబు చేసిందా?"

"లేదు పెద్దమ్మా. అదేమన్నా నన్నడిగి వస్తుందా?"

పెద్దమ్మ ఇంకో ముక్క వేసింది.