రంగు మిషనుకు పెట్టిన పసుపు

ప్రింటరులోంచి అప్పుడే బయటికి వచ్చిన కాగితం వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం చేతికి తగిలి, కాలిన పొడి వాసన ముక్కుకు సోకితే చాలు, తిరుపతి బస్టాండు వెనక సందులో మునిరత్నమన్న కొట్టు గుర్తొస్తుంది. పోయిన వారం మా ఇంట్లో ఒక కార్డు అచ్చు తీసి, ఆ కాగితాన్ని చాలాసేపు కింద పెట్టలేకపోయాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆయన దగ్గర టైపు చేసే పనికి చేరాను. తమ్ముడి చదువు నా జీతం మీదే నడిచేది. అప్పటిదాకా కాలితో తొక్కే పాత ప్రెస్సూ, నలుపు జెరాక్సూ ఉన్న ఆ కొట్టుకి ఒకరోజు రంగుల లేజర్ మిషను వచ్చింది. అచ్చు, జెరాక్సు, స్కానింగు అన్నీ అందులోనే. ఇంత చవకగా ఎక్కడా దొరకదని ఊదరగొట్టి అమ్మినవాడు వెళ్ళాక, మునిరత్నమన్న దాని నాలుగు రంగు పొడి డబ్బాల మీద వేలితో కొట్టి చూపించాడు.

"సూడు రేవతీ, మిషను చవగ్గా ఇచ్చింది మన మీద ప్రేమతో కాదు. ఇవి అయిపోయినప్పుడల్లా వాళ్ళ గడపకే పోవాల. ఆవును చవగ్గా ఇచ్చి గడ్డి తానే అమ్మినట్టు."

"తెలిసీ ఎందుకు కొన్నావన్నా?"

"రంగు కార్డు కావాలంటే జనం శివకాశికి పోతా ఉండారు. యాభై చాలనేవాడికి ఆడ ఎవురు వేస్తారు? ఇంకొన్నేండ్లకు ఇది ఇంటింటికీ వస్తాది. అప్పుడు కూడా మన దగ్గరికి రావాలంటే, ఈడ తప్పు పోదని పేరుండాల."

అందుకే ఆయనకొక పద్ధతి ఉండేది. ముందు ఒకవైపు వాడేసిన కాగితం మీద నలుపులో తీసి, గట్టిగా చదివేవాడు. వచ్చినవాళ్ళు ప్రతి పేరు కిందా వేలు పెట్టి "సరిగ్గా ఉండాది" అంటే తప్ప రంగు జోలికి పోయేవాడు కాదు. నాకు అది వట్టి చాదస్తంగా తోచేది.

ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు, కూతురి పెళ్ళికార్డుల కోసం బంగారుపాళ్యం రైతు ఒకాయన వచ్చాడు. చదవడం, వేలు పెట్టడం అయ్యాయి. "తొలి కార్డు ఉత్తదిగా లోపలికి పోకూడదు మా, పసుపు పెట్టు" అన్నాడు. కాలి ప్రెస్సు మీద మునిరత్నమన్నే అలా చేసేవాడు. నేనూ పసుపు తడిపి, మొదటి అట్ట మూలలకు పూసి లోపలికి పంపాను. ఆ తడి పసుపు ముద్ద మిషను లోపల రంగు పట్టే డ్రమ్ముకి అంటుకుంది. వచ్చిన ప్రతి కార్డుకీ పై మూలన, అదే చోట, రంగు పట్టక తెల్లటి మచ్చ. ఇంకో కార్డుకి పోతుందేమో, ఇంకో కార్డుకి పోతుందేమో అని యాభై తీసేశాను.

మునిరత్నమన్న రాగానే, "దానంతట అదే చెడిపోయిందన్నా" అన్నాను. రైతు నా ముఖంలోకి చూసి తల దించుకున్నాడు. అన్న మూత తెరిచి, లోపల వేలితో తుడిచి, వాసన చూశాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"మిషనుకే పెండ్లి చేసేసినావే!" అని పకపకా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. "పసుపు పెట్టినందుకు ఏమనను, అది నన్ను చూసి నేర్చుకున్నదే. తొలి కార్డుకే నాకు చెప్పుంటే తక్కినవి మిగిలేవి. డ్రమ్ము పోతే ఇంకోటి వేసుకుంటాం. నీ మాట నమ్మలేకపోతే నేను కొట్టు ఎట్ల నడపాల?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన ఒక కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "అప్పా, పంచేముందు మీరు పసుపు యాడ పెడతారు?"

"మూలల్లోనే కదప్పా" అన్నాడు రైతు. అని, తనే నవ్వేశాడు.

ముగ్గురం కింద కూర్చుని యాభై కార్డులకూ పసుపు పెట్టాం. తెల్లమచ్చలు ఒక్కటీ కనపడలేదు. డ్రమ్ము ఖర్చు నా జీతంలో పట్టుకోలేదు. మర్నాటి నుంచి మాత్రం నలుపు కాగితం చదివే పని నాకే అప్పగించాడు.

ఆయన అన్నట్టే ఆ మిషను ఇంటింటికీ వచ్చింది. మా ఇంటికీ వచ్చింది. పోయిన వారం మునిరత్నమన్న భార్య రాజమ్మక్క ఒక చీటీ పట్టుకుని దాని కోసమే మా ఇంటికి వచ్చింది. ముందు నలుపులో తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. "మునిరత్నం" దగ్గర ఆగిపోయాను. అక్క ఆ పేరు కింద వేలు పెట్టి, "సరిగ్గా ఉండాదిమ్మా" అంది.

రంగులో తీశాను. వెచ్చటి కార్డు చేతిలోకి రాగానే నా వేలు అలవాటుగా మూలకు పోయింది. పెద్దకర్మ కార్డుకు పసుపు పెట్టరు.